అప్పుడప్పుడు కలప కోతకు తేలికపాటి మధ్యస్థాయి చైన్‌సా: ఏమి చూసి ఎంచుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: గాలివానకు విరిగిపడిన కొమ్మలనూ, 25 నుంచి 35 సెంటీమీటర్ల మందం ఉన్న దుంగలనూ ఏడాదిలో కొన్నిసార్లు మాత్రమే కోయాల్సి వచ్చే మనిషికి, చేతులు లాగేయకుండా పని పూర్తిచేసే చైన్‌సా, అంటే గొలుసు రంపం, ఎలాంటిది? 20 అంగుళాల బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ) ఉన్న పెద్ద యంత్రం కొంటే ఎప్పటికైనా పనికొస్తుందని అమ్మకందారు చెబుతున్న మాటలో నిజం ఉందా?

రెండో ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. ఆ సలహా మీకు పనికిరాదు. మీరు వివరించిన పనికి 40 నుంచి 45 సీసీ ఇంజన్, బార్, చైన్ బిగించక ముందు నాలుగున్నర కిలోలకు కొంచెం అటూ ఇటూ బరువు, 14 లేదా 16 అంగుళాల బార్ ఉన్న పెట్రోలు రంపం సరిపోతుంది. పని ఇంకా తక్కువైతే, అంటే ఒక్కో విడతలో అరగంటకు మించి పని ఉండని పక్షంలో, పెట్రోలు జోలికి పోకుండా మంచి బ్యాటరీ రంపం తీసుకోవడమే మేలు. అయితే ఏ మోడల్ కొన్నా అది మీకు ఎంత తేలికగా అనిపిస్తుందన్నది ఇంజన్ పరిమాణం కంటే చైన్ పదునుమీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

బరువు విషయంలో కొనేవారు తరచుగా మోసపోయేది కరపత్రంలో అచ్చువేసిన అంకె దగ్గరే. అక్కడ ఇచ్చేది సాధారణంగా ఇంధనం పోయకుండా, బార్, చైన్ బిగించకుండా తూచిన బరువు. ఉదాహరణకు 4.6 కిలోలని రాసి ఉన్న యంత్రానికి 16 అంగుళాల బార్, చైన్ బిగిస్తే దాదాపు ఒక కిలో పెరుగుతుంది, ఇంధనం, చైన్ నూనె ట్యాంకులు రెండూ నింపితే మరో అరకిలో వస్తుంది. అంటే మీ చేతిలోకి వచ్చేది ఆరు కిలోల పైచిలుకు బరువు. ఇందులోనూ ముందుభాగాన పెరిగే బరువు వేరు, వెనకభాగంలో ఉండే బరువు వేరు. బార్ పొడవు పెరిగేకొద్దీ ముక్కు కిందికి వాలుతుంది, దాన్ని నిలబెట్టడానికి ఎడమ మణికట్టు అదనంగా శ్రమించాలి. కాబట్టి దుకాణంలో యంత్రాన్ని చూసేటప్పుడు బార్, చైన్ బిగించి ఇవ్వమని అడిగి, ముందు పిడిని ఒక్క ఎడమచేత్తో పట్టుకుని ఎత్తి చూడండి. బార్ నేలకు ఇంచుమించు సమాంతరంగా నిలిచినా, ముక్కు కొద్దిగా మాత్రమే వంగినా ఆ జోడింపు సరైనదే. ముక్కు గబుక్కున కిందికి వాలిపోతే ఆ యంత్రానికి ఆ బార్ పొడవు ఎక్కువ. ట్యాంకులు నిండితే వెనకభాగం ఇంకొంచెం బరువెక్కుతుందని మాత్రం లెక్కలో ఉంచుకోండి.

1929లో స్టీల్ అనే రంపాల సంస్థ స్థాపకుడు ఆండ్రియాస్ స్టీల్ తయారుచేసిన తొలి పెట్రోలు రంపం బరువు 46 కిలోలు, శక్తి ఆరు హార్స్‌పవర్. దాన్ని ఇద్దరు మనుషులు పట్టుకుని కోసేవారు. అదే సంస్థ 1959లో తెచ్చిన కాంట్రా అనే రంపం అంత శక్తినీ 12 కిలోల్లో ఇచ్చింది. ఇవాళ ఐదు కిలోల లోపు యంత్రాలు నాలుగు హార్స్‌పవర్ దాకా ఇస్తున్నాయి. ఇంత తేలికైన పనిముట్లు అందుబాటులో ఉన్నప్పుడు, ఎప్పుడో ఒకసారి రాబోయే పెద్ద మాను కోసం ప్రతిసారీ రెండు కిలోలు అదనంగా మోయడంలో అర్థం లేదు.

ఇక శక్తి సంగతి. సీసీ ఒక్కటే చూసి నిర్ణయించకూడదు. కిలోవాట్లను కిలోలతో భాగించి చూడండి. తయారీదారులు ప్రకటించిన అంకెల ప్రకారం హస్క్‌వార్నా 435 అనే రంపం 40.9 సీసీ, 1.6 కిలోవాట్లు, 4.2 కిలోలు. స్టీల్ ఎంఎస్ 250 రంపం 45.4 సీసీ, 2.3 కిలోవాట్లు, 4.6 కిలోలు. అదే సంస్థ వృత్తిపనివారి కోసం చేసే ఎంఎస్ 261 రంపం 50.2 సీసీ, 3 కిలోవాట్లు, 4.9 కిలోలు. కిలో బరువుకు మొదటిది 0.38 కిలోవాట్ ఇస్తే, రెండోది 0.5, మూడోది 0.61 ఇస్తాయి. మూడోదే మేలని ఈ అంకెలు చెబుతున్నట్టు కనిపించవచ్చు, కానీ ఆ అదనపు శక్తికి వెల గణనీయంగా పెరుగుతుంది. దాని మెగ్నీషియం క్రాంక్‌కేసు (ఇంజన్ కింది గుల్ల), రోజుకు ఎనిమిది గంటలు నడిచినా తట్టుకునే నిర్మాణం ఏడాదిలో నాలుగు రోజులు నడిపే మనిషికి నిజంగా ఉపయోగపడవు. మొదటి రెండింటిలా ప్లాస్టిక్ చట్రంలో ఇంజన్‌ను అమర్చిన గృహవినియోగ యంత్రాలు సరిగా చూసుకుంటే మీ వంటి వాడుకకు చాలా ఏళ్లు వస్తాయి. నేను ఈ మూడింటినీ పోలిక కోసమే చెప్పాను. ఎకో, మకీటా వంటి ఇతర సంస్థల రంపాలలోనూ ఇదే తరగతివి ఉన్నాయి, వాటికీ ఇదే భాగహారం వర్తిస్తుంది. మీరు కోసేది చింత, తుమ్మ, సరుగుడు వంటి గట్టి కర్ర, అదీ బాగా ఎండినది అయితే రెండు కిలోవాట్లకు తగ్గకుండా చూసుకోండి. మెత్తటి కర్ర, పచ్చి కొమ్మలు అయితే 1.6 కిలోవాట్లు చాలు.

బార్ పొడవు గురించి ఒక అపోహ ఉంది: దుంగ మందం కంటే బార్ పొడవుగా ఉండి తీరాలని చాలామంది అనుకుంటారు. దుంగను ఒకవైపు నుంచి కోసి, అవతలి వైపుకు వెళ్లి మిగిలింది కోస్తే 16 అంగుళాల బార్, అంటే సుమారు 40 సెంటీమీటర్లు, 60 సెంటీమీటర్లు దాటిన మొద్దును సైతం తెగ్గోస్తుంది. మీ 35 సెంటీమీటర్ల దుంగలకు ఆ అవసరం కూడా లేదు. పొట్టి బార్‌కు వేరే లాభాలూ ఉన్నాయి: పదును పెట్టాల్సిన పళ్లు తక్కువ, ముక్కు ఎక్కడుందో కంటికి కనిపిస్తూ ఉంటుంది, చైన్‌ను తిప్పడానికి ఇంజన్‌మీద పడే భారం తక్కువ. 45 సీసీ యంత్రానికి 20 అంగుళాల బార్ బిగించి గట్టి కర్రలో పూర్తిగా దించితే చైన్ వేగం పడిపోతుంది, ఆ వేగం నిలపాలని మనిషి పైనుంచి ఒత్తుతాడు, ఆ ఒత్తిడికి క్లచ్, బార్ రెండూ వేడెక్కుతాయి.

ఇప్పుడు అసలు సమస్యకు వస్తాను. అప్పుడప్పుడు మాత్రమే వాడే యంత్రాన్ని పాడుచేసేది పని కాదు, మూలన ఊరికే పడి ఉండటం. చైన్‌సాను పక్కకు వంచినా తలకిందులు చేసినా ఇంజన్ ఆగిపోకూడదు కాబట్టి దాని కార్బ్యురేటర్‌లో మోటారుసైకిల్‌లో ఉండే తేలే బుడ్డికి బదులు సన్నటి డయాఫ్రమ్ పొర ఉంటుంది. ఇంధనం కొలతను ఆ పొర కదలికే నియంత్రిస్తుంది. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిల్వ ఉంటే అందులోని తేలికపాటి భాగాలు ఆవిరై, జిగురులాంటి పదార్థం మిగిలి, సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. ఎథనాల్ కలిసిన పెట్రోలు అయితే గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది, పాతబడిన కొద్దీ ఆ పొరలనూ ఇంధన గొట్టాలనూ గట్టిపరుస్తుంది. ఆరు నెలల తర్వాత తాడు లాగితే ఇంజన్ అందుకోదు, అందుకున్నా రేస్ ఇవ్వగానే ఆగిపోతుంది. బాగుచేసేవారి దగ్గరకు వచ్చే గృహవినియోగ రంపాలలో చాలావాటి జబ్బు ఇదే.

దీనికి మందు కష్టమైనది కాదు. ఆ రోజుకు అవసరమైనంత ఇంధనమే కలుపుకోండి. ఈనాటి యంత్రాలలో చాలావాటికి నిష్పత్తి 50 కి 1, అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల మంచి టూ-స్ట్రోక్ ఆయిల్. మీ యంత్రపు పుస్తకంలో వేరే నిష్పత్తి ఉంటే దాన్నే పాటించండి. కలిపిన ఇంధనం నెల దాటితే చైన్‌సాలో పోయకండి. పని అయిపోయి, మళ్లీ కొన్ని వారాల దాకా అవసరం రాదనుకున్నప్పుడు ట్యాంకు ఖాళీచేసి, ఇంజన్‌ను నడిపి, కార్బ్యురేటర్‌లోని చివరి చుక్క అయిపోయి దానంతట అదే ఆగేవరకు ఉంచండి. ఎథనాల్ లేని, డబ్బాలలో ముందే ఆయిల్ కలిపి అమ్మే ఆల్కిలేట్ ఇంధనం దొరికితే, ఖరీదు ఎక్కువైనా, మీ వంటి వాడుకకు నేను దానినే సిఫారసు చేస్తాను. మూత తీయని డబ్బా ఏళ్ల తరబడి చెడదు. కార్బ్యురేటర్‌ను విప్పించడం, ఆ పనికోసం రోజులు ఎదురుచూడటం తప్పుతాయి.

ఈ శ్రద్ధ మీకు కుదరదనిపిస్తే, కుదరదని ముందే ఒప్పుకోవడంలో తప్పేమీ లేదు, బ్యాటరీ రంపం వైపు చూడండి. చోక్, తాడు, ఇంధనం కలపడం ఏవీ ఉండవు. మీట నొక్కితే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. ఆరు నెలలు ముట్టకపోయినా, బ్యాటరీని సగం ఛార్జ్‌తో చల్లని, పొడి చోట దాచి ఉంటే, ఛార్జ్ చేసిన వెంటనే పనిలోకి దిగుతుంది. కానీ పెట్టెమీది వోల్ట్‌లను చూసి శక్తిని అంచనా వేయకండి. 40 వోల్ట్‌లని అమ్మేదీ 36 వోల్ట్‌లని అమ్మేదీ చాలాసార్లు ఒకటే. పది లిథియం సెల్‌లు వరసగా ఉంటే సాధారణ వోల్టేజి 36, నిండా ఛార్జ్ అయినప్పుడు 40 పైచిలుకు. చూడాల్సింది వోల్ట్‌లను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వచ్చే వాట్-అవర్లు. 36 వోల్ట్‌లు, 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 180 వాట్-అవర్లు ఉంటాయి. కోసేటప్పుడు మోటారు ఒక కిలోవాట్ లాగితే అది దాదాపు 11 నిమిషాల నికరమైన కోత. ఒక్కో కోతకు పది సెకన్లు పడుతుందనుకుంటే లెక్కకు అరవై కోతలు వస్తాయి, గట్టి కర్రలో ఇంకా తగ్గుతాయి. కొమ్మలు కొట్టుకుని, నాలుగు దుంగలు ముక్కలు చేసుకోవడానికి ఇది చాలు. రోజంతా పని ఉంటే రెండో బ్యాటరీ కొనాలి, దానితో మొత్తం ఖర్చు మంచి పెట్రోలు రంపాన్ని దాటవచ్చు. ఈ తరగతిలో 14 అంగుళాలకు మించిన బార్ అడగకండి.

తీగతో నడిచే కరెంటు రంపం గురించి కూడా ఒక మాట. కట్టెలన్నీ ఒకేచోట, ప్లగ్‌కు దగ్గరలో కోసేవారికి 1800 నుంచి 2000 వాట్ల రంపం చవకైన, నమ్మకమైన మార్గం. కానీ మీరు విరిగిన చెట్టు దగ్గరకు వెళ్లి కోయాలి కనుక అది మీకు సరిపడదు.

చైన్ విషయానికి వద్దాం, ఎందుకంటే కర్రను నిజంగా కోసేది అదే. చైన్‌కు రెండు కొలతలు: పిచ్, గేజ్. వరసగా ఉన్న మూడు రివెట్ల మధ్య దూరంలో సగం పిచ్. బార్ గాడిలో దిగే లింకు మందం గేజ్. 40 సీసీ చుట్టుపక్కల యంత్రాలకు 3/8 అంగుళం లో-ప్రొఫైల్ (ఎత్తు తక్కువ ఉన్న) చైన్ గానీ, 0.325 అంగుళం చైన్ గానీ వస్తుంది, గేజ్ సాధారణంగా 1.3 నుంచి 1.6 మిల్లీమీటర్లు. లో-ప్రొఫైల్ చైన్ తేలిక, చేసే గాటు సన్నం, కనుక తక్కువ శక్తితో కోస్తుంది. బ్యాటరీ రంపాలకూ చిన్న పెట్రోలు రంపాలకూ అదే నప్పుతుంది. రెండు కిలోవాట్ల యంత్రానికి 0.325 బాగుంటుంది. పన్ను మూల చదరంగా ఉండే ఫుల్-చిజెల్ చైన్ శుభ్రమైన పచ్చి కర్రలో చాలా వేగంగా కోస్తుంది, కానీ కొంచెం మట్టి తగిలినా ఆ మూల దెబ్బతింటుంది. కింద పడి దుమ్ము పట్టిన కొమ్మలు కోసే మీకు మూల గుండ్రంగా ఉండే సెమీ-చిజెల్ చైన్ ఎక్కువసేపు పదును నిలుపుకుంటుంది. అందులోనూ కిక్‌బ్యాక్‌ను, అంటే రంపం హఠాత్తుగా మీ వైపు ఎగరడాన్ని, తగ్గించే రకాన్నే అడిగి తీసుకోండి.

పదును పోయిందో లేదో రంపం కింద రాలిన పొట్టే చెబుతుంది. దుంగకు అడ్డంగా కోసేటప్పుడు పదునున్న చైన్ చిన్న చిన్న పెచ్చులను చిమ్ముతుంది. మొద్దుబారినది పిండిలాంటి పొడిని రాలుస్తుంది. పదునుంటే యంత్రం తన బరువుకు తానే కర్రలోకి దిగిపోతుంది, మీరు నొక్కాల్సిన పని ఉండదు. నొక్కాల్సి వచ్చిన క్షణంలోనే ఆపి ఆకురాయి చేతిలోకి తీసుకోవాలి. లో-ప్రొఫైల్ 3/8 చైన్‌కు సాధారణంగా 4 మిల్లీమీటర్లు, 0.325 చైన్‌కు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి వాడతారు. ఇంజన్ ఆపి, చైన్ బ్రేక్ వేసి, బార్‌ను కదలకుండా బిగించి, పన్ను పైభాగాన గీసి ఉండే సన్నటి గీతకు సమాంతరంగా, చాలా చైన్‌లకు 30 డిగ్రీల కోణంలో, లోపలి నుంచి బయటికి మాత్రమే రాయండి. వెనక్కి లాగేటప్పుడు ఆకురాయిని ఎత్తి తేవాలి. ప్రతి పంటికీ రాపిళ్ల సంఖ్య ఒకటిగా ఉంచి, ఒకవైపు పళ్లన్నీ పూర్తిచేశాక రెండోవైపుకు మారండి. ఒకవైపు పళ్లు పొట్టివైతే రంపం నిటారుగా దిగకుండా వంకరగా కోస్తుంది. పంటి ముందున్న చిన్న మొన, అంటే లోతును నియంత్రించే భాగం, పన్ను అంచు కంటే సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందుగా ఉండాలి. నాలుగైదు సార్లు పదును పెట్టాక దాన్ని కొలతపలకతో చూసి బల్లపరుపు ఆకురాయితో సరిచేయాలి. ఎక్కువగా అరగదీస్తే పన్ను కర్రను మితిమీరి కొరికి, యంత్రం ఎగిరెగిరి పడుతుంది. ఈ పని నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. నేర్చుకున్నవారి చేతిలో 40 సీసీ రంపం, నేర్చుకోనివారి చేతిలోని 60 సీసీ రంపం కంటే ముందే పని ముగిస్తుంది.

చైన్‌కు వేసే నూనె విషయంలో, ఇంజన్ నుంచి తీసిన పాత ఆయిల్ పోయకండి. అందులో లోహపు రజను, చర్మానికి హాని చేసే పదార్థాలు ఉంటాయి, అది చైన్‌కు అంటుకుని నిలవదు కూడా. బార్ ముక్కును లేతరంగు చెక్కకు దగ్గరగా, తాకకుండా పట్టి రేస్ ఇస్తే సన్నటి నూనె గీత పడాలి. పడకపోతే నూనె అందడం లేదని అర్థం.

భద్రతలో రాజీ పడకూడని అంశాలు కొన్ని ఉన్నాయి. బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే రంపం కనురెప్పపాటులో మీ ముఖం వైపు లేస్తుంది, దాన్నే కిక్‌బ్యాక్ అంటారు. ముందు చేతికవచం కదిలితేనే కాకుండా, ఆ కుదుపుకు తనంతట తానే పడే చైన్ బ్రేక్ ఉన్న యంత్రమే కొనండి. ఎడమచేతి బొటనవేలు ముందు పిడి చుట్టూ తిరిగి ఉండాలి. రంపాన్ని గాలిలో వేలాడదీసి తాడు లాగడం చాలామందికి అలవాటు, అది ప్రమాదం. నేలమీద ఉంచి, బ్రేక్ వేసి, వెనక పిడిలో పాదం పెట్టి లాగండి. సెకనుకు 20 మీటర్ల చైన్ వేగానికి పరీక్షించిన, క్లాస్ 1 అని గుర్తు ఉన్న కాలి రక్షణ తొడుగు, చెవులకు మఫ్‌లు, ముఖానికి జాలీ, గట్టి బూట్లు యంత్రంతో పాటే కొనండి. డబ్బు చాలకపోతే యంత్రంలో ఒక మెట్టు దిగండి కానీ వీటిని వాయిదా వేయకండి. తేలిక రంపం అన్న పేరుతో, చెట్టెక్కి కోసేవారి కోసం రెండు పిడులూ పైనే పెట్టి చేసే రంపాలు కూడా అమ్ముతారు. అవి శిక్షణ పొందినవారికి ఉద్దేశించినవి, నేలమీద నిలబడి కోసేవారు వాటిని తీసుకోకూడదు.

వణుకు తగ్గించే ఏర్పాటునూ గమనించండి. పిడులకూ ఇంజన్‌కూ మధ్య ఉక్కు స్ప్రింగులున్న యంత్రాలు సాధారణంగా రబ్బరు దిమ్మెలున్న వాటికంటే చేతులకు సుఖంగా ఉంటాయి. వివరాల పట్టికలో దీన్ని మీటర్ పర్ సెకండ్ స్క్వేర్డ్‌లో ఇస్తారు, ఆ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. ఐరోపా సమాఖ్య 2002 నాటి ఆదేశంలో ఎనిమిది గంటల పనిదినానికి లెక్కగట్టి 2.5 దగ్గర జాగ్రత్తలు మొదలుపెట్టాలని, 5 దాటకూడదని నిర్ణయించింది. మీరు అన్ని గంటలు కోయరు కాబట్టి ఐదుకు దగ్గరగా ఉన్నా భయపడనక్కర్లేదు, కానీ రెండు మోడళ్ల మధ్య తేల్చుకోలేకపోతే తక్కువ వణికేదాన్ని తీసుకోండి.

చివరి ఎంపిక సేవను బట్టి చేయండి. డయాఫ్రమ్ కిట్, ఎయిర్ ఫిల్టర్, స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ల చక్రం) మీకు అందుబాటులో ఉండే చోట దొరికే బ్రాండ్, కాగితంమీద రెండు వందల గ్రాములు తేలికైన తెలియని బ్రాండ్ కంటే మేలు. కొన్న రోజునే అదనంగా ఒక చైన్ తీసుకోండి. పని మధ్యలో మేకు తగిలి పళ్లు పోతే అక్కడే కూర్చుని సరిచేయడం అయ్యే పని కాదు. చైన్ అడిగేటప్పుడు బార్ పొడవు ఒక్కటే చెబితే సరిపోదు, 16 అంగుళాల బార్‌లన్నిటికీ ఒకే చైన్ పట్టదు. బార్‌మీద పిడి వైపు చెక్కి ఉండే పిచ్, గేజ్, డ్రైవ్ లింకుల (బార్ గాడిలో దిగే లింకుల) సంఖ్య, ఈ మూడింటినీ రాసుకుని వెళ్లండి.